చక్రం దాకా చేరని బలం

జవాబు చెప్పాల్సిన కారు కంపెనీవాళ్లు ఇంతవరకూ నాకు జవాబు చెప్పలేదు. నేను రాసింది ఒక ఉత్తరం కాదు, నాలుగు. మూడు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, నాలుగోది మా అమ్మాయి చేత కంప్యూటర్లో పంపించాను. ఉత్తరాలు అందినట్టు సంతకం పెట్టిన కార్డులు వెనక్కి వచ్చాయి. మూడింటినీ దాచాను. సంతకం పెట్టడానికి తీరిక దొరికిన మనిషికి ఒక్క వాక్యం రాయడానికి దొరకలేదు. ఫోన్ చేస్తే ఒక ఆడపిల్ల గొంతు మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యమని చెబుతుంది, తర్వాత పాట వేస్తారు. ఆ పాట వింటూ నేను అన్నం తినడం ముగించి చెయ్యి కడుక్కున్న రోజులున్నాయి.

నేను అడిగినది ఒకటే. నాకు అమ్మిన ఆటోమేటిక్ కారులో ఇంజన్ పుట్టించే బలం ఎంత, అందులో చక్రం దాకా చేరేది ఎంత, మధ్యలో పోయేది ఎక్కడ పోతోంది?

ఊరికే తెలుసుకుందామని అడగలేదు. మా ఆవిడకి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, చింతపల్లి నుంచి ఘాటీ, అంటే కొండ మలుపుల దారి, దిగి నర్సీపట్నం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుంటుంది. లేచేసరికి పిండిన గుడ్డలా ఉంటుంది. ఆ మనిషిని మళ్లీ ఘాటీ ఎక్కించి ఇంటికి చేర్చాలి. దిగడానికేం, ఏ బండైనా దిగుతుంది. ఎక్కడంలోనే ఉంది అంతా.

కిందకి మకాం మార్చెయ్యమని చాలామంది సలహా ఇచ్చారు. మా ఆవిడ పుట్టింది ఇక్కడే, కాఫీ చెట్ల మధ్య. కింద ఎండకి రెండు రోజులు ఉంటే మూడో రోజు గొడవ మొదలుపెడుతుంది. సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరూ ఒక్క మంగళవారమైనా తోడు రాలేదు. వాళ్లెవరెవరో నాకు గుర్తుంది.

నేను ముప్పై ఏళ్లు కాఫీ ఆఫీసులో జీపు నడిపాను. రిటైరైన రోజున వేదిక మీద ఐదు కుర్చీలు వేశారు. ఐదింటిలోనూ ఆఫీసర్లు కూర్చున్నారు. ఎవరి సన్మానమో ఆ మనిషి నిలబడి శాలువా కప్పించుకున్నాడు. సరే, అది వేరే సంగతి. ఆ ముప్పై ఏళ్లలో ఘాటీ మలుపుల్లో నేను తొక్కిన క్లచ్‌కి లెక్క లేదు. ఎడమ మోకాలు అరిగిపోయింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును దీపం ముందు పెట్టి, మీ కుడి మోకాలికి యాభై ఏళ్లు, ఎడమ మోకాలికి ఎనభై అన్నాడు. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకోవాలి. క్లచ్ మీద కాలు వేస్తే తొడ దాకా మంట.

అందుకని ఆటోమేటిక్ కొన్నాను. అందులో క్లచ్ ఉండదు, ఎడమ కాలికి పని లేదు.

విశాఖలో షోరూముకి నేనూ మా అల్లుడూ వెళ్లాం. కారు నాకు, నడిపేది నేను. అమ్మే కుర్రాడు మాత్రం మొదటి నుంచీ చివరి దాకా మా అల్లుడి ముఖం చూసే మాట్లాడాడు. నాకు మంచినీళ్లు ఇచ్చాడు, అతనికి కాఫీ ఇచ్చాడు. ఇంజన్ పవర్ ఇంత అని రంగుల కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈ పవర్ ఇంజన్ దగ్గరదా, చక్రం దగ్గరదా?" అని నేను అడిగాను.

వాడు మా అల్లుడి వైపు చూసి నవ్వాడు. "అంకుల్‌కి డౌట్లు ఎక్కువ సార్."

"డౌటు కాదు బాబూ. జీపులో అయితే క్లచ్ ప్లేటు గట్టిగా కరుచుకుంటుంది. ఇంజన్ తిరిగినంతా లోపలికి పోతుంది. దీన్లో ప్లేటు లేదంటున్నావు. మరి ఏది కరుచుకుంటుంది?"

"అదంతా ఆటోమేటిక్ సార్. మీరు గేరు డీ లో పెట్టి తొక్కడమే."

"ఘాటీ ఎక్కుతుందా?"

"రాకెట్‌లా ఎక్కుతుంది సార్."

ఈ మాట కూడా మా అల్లుడితోనే చెప్పాడు.

మా ఘాటీ గురించి ఒక ముక్క చెప్పాలి. సగం పైకి వచ్చాక, బాగా ఎక్కుడు ఉన్నచోట, ఘాటీ తల్లి గుడి ఉంది. గుడంటే పెద్దదేమీ కాదు, పసుపు పూసిన మూడు రాళ్లు, పైన రేకు. అక్కడ ఆగకుండా ఏ బండీ పైకి పోదు. ఆగాలి కానీ ఇంజన్ ఆపకూడదు. పాత జీపులు అక్కడ ఆపితే మళ్లీ స్టార్ట్ అయ్యేవి కావు, ఆ భయమే పోను పోను ఆచారం అయింది. హేండ్ బ్రేకు పనిచేసే జీపు ఆ రోజుల్లో ఒక్కటీ లేదు. అందుకని డ్రైవరు క్లచ్ సగం వదిలి, ఏక్సిలేటర్ కొంచెం తొక్కి, బండిని ఆ ఎక్కుడులో అలాగే నిలబెడతాడు. ముందుకి పోదు, వెనక్కి జారదు, ఉయ్యాల్లో పిల్లలా సన్నగా ఊగుతుంది. పూజ చేసే ముసలమ్మ వచ్చి బానెట్‌కి బొట్టు పెట్టి, లోపల ఉన్న అందరికీ పెట్టి, అందరి మంచీ చెడూ అడిగి వెళ్లేదాకా అలా నిలబెట్టాలి. బ్రేకు తొక్కినవాణ్ణి మిగతా డ్రైవర్లు కొత్తోడంటారు. నన్ను ముప్పై ఏళ్లలో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు.

మా ఆవిడకి జబ్బు వచ్చాక ఎక్కేటప్పుడల్లా ఆ గుడి దగ్గర ఆగుతానని మొక్కుకున్నాను. కొత్త కారులోనూ మానలేదు. క్లచ్ లేదు కాబట్టి డీ లోనే ఉంచి, ఏక్సిలేటర్ మీద నిలబెట్టాను. చక్కగా నిలబడింది. జీపు కంటే మెత్తగా. ముసలమ్మ మా ఆవిడ గడ్డం పట్టుకుని, తగ్గిపోద్దమ్మా, బేగి తగ్గిపోద్ది అంటుంటే నేను ముందుకు చూస్తూ పాదం కదలకుండా పట్టుకునేవాణ్ణి. ఆ మాట పూర్తిగా అయ్యేదాకా కదలనిచ్చేవాణ్ణి కాను.

గుడి దాటాక ఐదు మలుపులున్నాయి. అవి అయితే లంబసింగి, ఆపైన చదునే. మొదటి శుక్రవారమే మూడో మలుపులో కారు చతికిలబడింది. ఎంత తొక్కినా ఇంజన్ కేకలు వేస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. కేకకీ కదలికకీ సంబంధం తెగిపోయింది. జీపులో అయితే కాలి కింద తెలుస్తుంది ఎక్కడ పట్టు పోయిందో. ఇందులో కాలికి ఏమీ తెలియదు, పరుపు తొక్కినట్టు ఉంటుంది. ముందు అద్దం కింద ఎర్ర దీపం వెలిగింది. మాడిన నూనె వాసన వచ్చింది.

మా దగ్గర ఒక అలవాటుంది. బండి ఎక్కలేకపోతే ఎవరూ చెప్పనక్కర్లేదు, జనం దిగి మలుపు నడుస్తారు, పైన మళ్లీ ఎక్కుతారు. చిన్నప్పటి నుంచీ షేరు జీపుల్లో తిరిగిన మనిషి మా ఆవిడ. నేను ఆ ఎర్ర దీపం వంక చూస్తుండగానే తలుపు తీసింది.

"ఏటే, యెక్కడికి?"

"నాను దిగుతాను మావా. బరువు తగ్గితే ఎక్కుద్ది."

"నీ బరువెంత, నువ్వెంత! కూకో."

"ఇద్దరం కూకుంటే ఇక్కడే ఉంటాం. నువ్వు పోనీ."

దిగిపోయింది. శాలువా తల మీదుగా కప్పుకుని, సూదులు గుచ్చిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, కొండ పక్కన రాళ్లు పట్టుకుంటూ నడిచింది. నేను దిగి తోడు నడవలేను, ఆ మోకాలితో ఎక్కుడు నడిస్తే నన్నే ఎవరైనా మొయ్యాలి. కారు చల్లారే దాకా కదలదు. స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, ఆమె పది అడుగులు వేసి ఆగడం, మళ్లీ పది వెయ్యడం చూశాను. ముప్పై ఏళ్లు ఎవరెవరినో, దుంగలనీ, కాఫీ బస్తాలనీ, ఆఫీసర్ల కుక్కలనీ ఆ మలుపు ఎక్కించాను.

ఇంతలో కింద నుంచి షేరు జీపు వచ్చింది. లోపల ఎంతమందో, పైన ఎంతమందో. నడిపేవాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. పక్కకి వచ్చి వేగం తగ్గించాడు.

"ఏటి గురూ, కొత్త కారుకి జొరం ఒచ్చిందేటి?"

జీపు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. "పెళ్లాన్ని నడిపించి కారుని కూకోబెట్టినాడ్రా" అని ఎవడో అన్నాడు. ఎవడో అంటున్నాను కానీ, ఎవడో నాకు తెలుసు.

కానీ ఆ జీపు ఆగి మా ఆవిడని ఎక్కించుకుంది. ఆ సంగతి కూడా రాయాలి కదా.

తర్వాత నెలల తరబడి ఇదే. కొన్నిసార్లు మూడో మలుపు, కొన్నిసార్లు నాలుగోది. విశాఖ తీసుకెళ్లాను. అక్కడి సర్వీసు వాళ్లు బీచ్ రోడ్డులో తిప్పుకొచ్చి, "నార్మల్ సార్" అన్నారు.

"బీచ్‌లో నార్మలే బాబూ. ఘాటీకి రా."

"అంత దూరం మా పాలసీలో లేదు సార్."

రెండోసారి లేప్‌టాప్ తగిలించి చూశారు. నూనె మార్చారు. నార్మల్. మూడోసారి మేనేజరు అద్దాల గదిలోంచి బయటికి కూడా రాలేదు. అద్దం వెనక నుంచి చెయ్యి ఊపాడు, పొమ్మనో, వస్తున్నాననో. అతని కింద పనిచేసే అమ్మాయి వచ్చి, "మీ డ్రైవింగ్ స్టైల్ ఒకసారి చూసుకోండి సార్" అంది.

"నా స్టైలా? నువ్వు పుట్టకముందు నుంచీ ఆ ఘాటీ ఎక్కుతున్నానమ్మా."

"అదే సార్, పాత అలవాట్లు..."

లేచి వచ్చేశాను. ఏ అలవాటు, అందులో తప్పేమిటి అని అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఆ రోజు నేను ఒక్క నిమిషం కూర్చుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పుడు అనుకుంటాను. అయినా చెప్పాల్సింది ఆమె.

జీపుకే తిరిగి వెళదామని చూశాను. తెలిసినవాడి జీపు ఒక ఉదయం అడిగి తీసుకుని ఒక్కణ్ణే ఘాటీకి వెళ్లాను. ఇంజన్ పాతది, కాగితం మీద చూస్తే నా కారు బలంలో సగం కూడా ఉండదు. కానీ ఉన్నదంతా చక్రానికి వస్తోంది. పెడల్ మీద కాలు పెట్టగానే తెలిసింది, ఎన్నాళ్లకో సొంత మనిషి చెయ్యి పట్టుకున్నట్టు. రెండు మలుపులు పాడుకుంటూ ఎక్కాను. మూడో మలుపులో గేరు మార్చబోతే మోకాలు మడత పడలేదు. క్లచ్ సగంలో జారిపోయింది, జీపు ఆగి వెనక్కి జారింది. రోడ్డు పక్క రాతికి వెనక చక్రం ఆనింది కాబట్టి ఇది రాస్తున్నాను. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. నొప్పికే అని ఇంట్లో చెప్పాను.

మా ఆవిడని షేరు జీపులో పంపి చూశాను. నలుగురి మధ్య ఇరుక్కుని, సూదులు గుచ్చే చేతికి ఎవరిదో పనసకాయల బుట్ట తగిలి, చెయ్యి వాచి వచ్చింది. ఆ చెయ్యి పాడైతే మిషన్‌కి తగిలించడానికి ఇంకో నరం వెతకాలని నర్సు హెచ్చరించింది. ఇక ఆ ఆలోచన వదిలేశాను.

అంటే కాలు కావాల్సిన బండికి బలం ఉంది, కాలు అక్కర్లేని బండికి బలం లేదు. మధ్యలో మా ఆవిడ.

ఒక శుక్రవారం పెద్ద వాన. గుడి దగ్గర రేకు కింద ముసలమ్మ లేదు, వెనక బస్సు హారన్ కొడుతోంది. ఆపడానికి వీల్లేక, మనసులోనే దణ్ణం పెట్టుకుని పోనిచ్చాను. ఐదు మలుపులూ ఎక్కేసింది. కష్టపడింది, మూలిగింది, కానీ ఎక్కింది.

లంబసింగిలో టీ తాగుతుంటే మా ఆవిడ, డాక్టరు లెక్క ప్రకారం తన వాటా రెండు గుక్కలే గనక రెండు గుక్కలు తాగి గ్లాసు నాకు ఇచ్చి, అంది: "మావా, గుడి కాడ ఆగనేదు. ఎక్కీసింది సూడు."

"వానకి ఇంజన్ చల్లగా ఉంది."

"అది కాదు. పోయిన నెల్లో ముసల్ది జొరం ఒచ్చి రాక, ఎక్కువసేపు ఆగనప్పుడు కూడా ఎక్కీసింది. నాను సూత్తన్నాను."

"నువ్వు సూసి నాకు సెప్పాలేటి? ఊరుకో."

ఆమె అన్న ఆ మాట నేను విన్నాను, పక్కన పెట్టాను. పైగా తల్లి దగ్గర ఆగకూడదంటున్నావా అని ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు.

మళ్లీ మంగళవారం గుడి దగ్గర ఆగాను. నాలుగో మలుపులో కారు ఆగిపోయింది. ఈసారి ఆమె దిగడానికి తలుపు తీసింది కానీ లేవలేకపోయింది. లేవబోయి సీటులోనే కూలబడి, "ఇయ్యాల నాను నడవనేను మావా" అంది. తప్పు చేసినదానిలా అంది. అద్దంలోంచి పొగమంచు దిగడం కనిపిస్తోంది. హీటరు వెయ్యాలంటే ఇంజన్ నడవాలి, నడిస్తే బండి చల్లారదు, ఆపితే ఆమెకి చలి. నా చొక్కా మీది స్వెట్టరు తీసి ఆమె కాళ్లకి చుట్టాను. గంటన్నర. ఆ గంటన్నరలో నేను చెయ్యగలిగింది అదొక్కటే.

ఆ వారంలోనే నర్సీపట్నంలో, ఆమె మిషన్ మీద ఉన్నప్పుడు, పాత లారీ మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. ఆఫీసు జీపు రోజుల నుంచి తెలుసు, వరస కలిపి బావా అంటాడు. ఇన్నాళ్లూ వెళ్లకపోవడానికి కారణం ఉంది. ఒకసారి నా జీపు పని పక్కన పెట్టి ఎవరిదో లారీ ముందు చేశాడు. చాలా ఏళ్ల కిందట. అయినా.

నేను చెప్పుకుపోయింది విన్నాడు. తర్వాత అరుగు మీద రెండు స్టీలు పళ్లేలు ఎదురెదురుగా పట్టుకుని చూపించాడు.

"సూడు బావా. జీపులో ప్లేటూ ప్లేటూ అంటుకుంటాయి. దీన్లో అంటుకోవు. మధ్యన నూనె. ఇంజన్ వైపు పంకా నూనెని తోత్తది, ఆ నూనె యెల్లి గేరు వైపు పంకాని తిప్పుద్ది. తోసిందంతా తిరగదు కదా. కొంత నూనెలోనే ఉండిపోద్ది, నూనె వేడెక్కిపోద్ది. స్పీడు మీదుంటే లోపల లాకొకటి పడుద్ది, అప్పుడు ఫర్వానేదు. ఘాటీలో స్పీడెక్కడిది, లాకెక్కడిది?"

ఏడాదిన్నరగా నేను అడుగుతున్న ప్రశ్నకి మొదటి సగం జవాబు రెండు పళ్లేలతో వచ్చింది.

"సరే, మరి ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కదేం?"

"దార్లో యెక్కడైనా ఎక్కుడులో ఆపుతున్నావేటి?"

"తల్లి కాడ ఆపుతాను."

"బ్రేకు మీదేనా?"

నేను కుడి పాదం నేలకి ఆనించి, ఏక్సిలేటర్ తొక్కినట్టు చూపించాను. వాడు పళ్లేలు కింద పెట్టేశాడు.

"ఓరి బావా! ఏక్సిలేటర్ మీద నిలబెడతన్నావా? జీపనుకున్నావేటి? కదలకుండా తొక్కితే ఇంజన్ బలమంతా ఆ నూనెకే పోద్ది గదరా. పొయ్యి మీద మూకుడు పెట్టి మంటెట్టినట్టే. మరిగిపోయిన నూనెతో పై మలుపులెలా ఎక్కుద్ది?" కాసేపు నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. "డీ లో ఎక్కుతున్నావా? ఎల్ లో పెట్టు. చిన్న గేరు మారకుండా పట్టుకుంటది."

"ఎల్ దిగడానికి అనుకున్నాను."

"నీకెవులూ సెప్పనేదా?"

అదే కదా నా బాధ.

సాయంత్రం మా ఆవిడని కారెక్కించుకున్నాక గుడి దగ్గర ఆగాను. బ్రేకు తొక్కాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ ఎక్కుడులో బ్రేకు తొక్కాను. ముసలమ్మకి తేడా తెలియలేదు, ఎప్పటిలాగే బొట్టు పెట్టింది. వెనక జీపు వాడికి మాత్రం తెలిసింది. వెలిగిన ఎర్ర దీపాలు చూసి హారన్ రెండుసార్లు కొట్టాడు. కొట్టుకోనీ.

ఎల్ లో పెట్టి మలుపులు ఎక్కాను. నాలుగో మలుపు దాటాక మా ఆవిడతో, "నువ్వు సెప్పింది నిజమే" అన్నాను. ఆమె అప్పటికే నిద్రపోయింది. ఇంటికి వెళ్లాక మళ్లీ చెప్పాను. "తెల్సు. కారులోనే ఇన్నాను" అంది.

ఇంతటితో అయిపోతే ఈ ఉత్తరాల సంగతి నేను మానేద్దును. అవలేదు. ఎండ బాగా ఉన్న రోజున, మా అమ్మాయీ పిల్లలూ కూడా ఉన్నప్పుడు, బ్రేకు తొక్కినా, ఎల్ లో పెట్టినా, ఐదో మలుపులో ఎర్ర దీపం వెలుగుతోంది. పిల్లలు దిగి నడుస్తున్నారు, వాళ్లకి ఆట. ఆమె లోపలే కూర్చుంటోంది. ఎక్కుతుందా లేదా అన్నది ప్రతిసారీ నాకు తెలియదు. ఆమె నా ముఖం చూస్తుంది, నేను ఎర్ర దీపం వచ్చేచోటు చూస్తాను. మొన్న డాక్టరు వారానికి రెండుసార్లు చాలడం లేదు, మూడు చేద్దాం అన్నారు. మూడు అంటే మూడు ఎక్కుళ్లు.

ఐదో ఉత్తరం రాశాను. ఇందులో గుడి దగ్గర నేను చేసిన పొరపాటు నేనే ముందుగా రాశాను, ఒక్క ముక్క దాచకుండా. ఎర్ర దీపం ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ వెలిగిందో, ఎండ ఎలా ఉందో, కారులో ఎంతమంది ఉన్నారో రాశాను. పాత అలవాట్లు అని మీరు ఇక తప్పించుకోలేరు. నా వంతు తప్పు నేను ఒప్పుకున్నాను. మీ వంతు చెప్పండి. మీ రంగు కాగితం మీద రాసిన బలంలో, మరిగిన నూనెతో, ఎక్కుడు మలుపులో, చక్రం దాకా వచ్చేది ఎంత? అది మా ఘాటీకి సరిపోతుందా, సరిపోదా? సరిపోకపోతే సరిపోదని రాయండి, ఆ ముక్క చాలు, నేను ఇంకో దారి చూసుకుంటాను. ఆమెని ఏ మలుపులో దింపాల్సి వస్తుందో తెలియకుండా నేను ఇంక బయల్దేరలేను.

ఈ మంగళవారం పొద్దున్న ఆరుకి మేం బయల్దేరాలి. ఎవరైనా సరే, అద్దాల గదిలోంచి బయటికి వచ్చి జవాబు చెప్పండి.